తొట్లకొండ నుంచి భీమిలి దాకా సముద్ర వర్తకం టూర్: తప్పక వెళ్లండి, భీమిలిలో మాత్రం టైం అడిగి తీసుకోండి

వైజాగ్‌లో ఉంటూ, పాత బౌద్ధ విహారం ఉన్న తొట్లకొండకి ఫోటోల కోసమే వెళ్లొచ్చినవాళ్లు ఈ టూర్‌కి ఒకసారి వెళ్లి తీరాలి. పొద్దున్నే ఆర్కే బీచ్ దగ్గర వ్యాన్ ఎక్కిస్తారు. బీచ్ రోడ్డు మీదుగా తొట్లకొండ, తర్వాత ఇంకో బౌద్ధ క్షేత్రం బావికొండ, భోజనం, ఆఖరున భీమిలి. మనిషికి 1,200 రూపాయలు, భోజనం అందులోనే. మన తీరానికీ దూర దేశాలకీ మధ్య వందల ఏళ్లు నడిచిన వర్తకం గురించి చెప్తామని పెట్టిన టూర్ ఇది. తొట్లకొండ మీద ఆ మాట నిలబెట్టుకున్నారు, భీమిలిలో నిలబెట్టుకోలేదు. రెండూ చెప్తాను.

గైడ్ కుర్రాడు కొండెక్కగానే స్తూపం దగ్గరికి తీసుకెళ్లలేదు. అందర్నీ సముద్రం వైపు నిలబెట్టి ముందు గాలి గురించి చెప్పాడు. ఇంజన్లు లేని రోజుల్లో ఓడ ఎప్పుడు కదలాలో నిర్ణయించేది గాలే. నైరుతి గాలులు ఒక వైపు తోస్తే, కార్తీకం వచ్చేసరికి ఈశాన్య గాలులు ఇంకో వైపు తోస్తాయి, అందుకని ఒక రేవుకి చేరిన వర్తకుడు సరుకు అమ్ముడుపోయినా సరే గాలి మళ్లేదాకా నెలల తరబడి అక్కడే ఉండిపోవాలి. ఆ నెలల్లోనే భాషలు వచ్చేవి, వంటలు అలవాటయ్యేవి, పెళ్లిళ్లయ్యేవి, కొత్త దేవుళ్లు పరిచయమయ్యేవారు. సంస్కృతులు కలిశాయి అని పుస్తకాల్లో ఒక్క ముక్కలో రాసేస్తారు కానీ, ఆ కలవడం వెనక ఇంత ఎదురుచూపు ఉందని నాకు ఇక్కడే బుర్రకెక్కింది.

ఆ తర్వాత విహారంలో గదులు, వంటశాల, భోజనశాల, రాతిలో తొలిచిన నీటి తొట్లు చూపించాడు. 1988-93 మధ్య జరిగిన తవ్వకాల్లో ఇక్కడ శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. ఊరికి దూరంగా కొండ మీద ఉన్న భిక్షువులకి ఇన్ని కట్టడాలు ఎవరు కట్టించారు అని అడిగితే, అప్పట్లో బౌద్ధ విహారాలకి వర్తకులు పెద్ద దాతలని చెప్తూ నాగార్జునకొండ శాసనం దాకా వెళ్లాడు. 3వ శతాబ్దంలో బోధిసిరి అనే ఉపాసిక, అంటే ఇంట్లోనే ఉంటూ బౌద్ధాన్ని పాటించే ఆవిడ, వేయించిన ఆ శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, సింహళం పేర్లు కనిపిస్తాయి. కృష్ణ ఒడ్డున కూర్చున్న ఒక గృహిణికి ఆ దేశాలన్నీ తెలుసు!

ఒక్క చోట మాత్రం ఒప్పుకోను. రోమన్ ఓడలు సరిగ్గా ఈ కొండ కిందే లంగరేశాయి అన్నాడు. నాణెం దొరికితే ఓడ వచ్చినట్టు కాదు కదా, ఎర్రసముద్రం రేవుల్లో బయలుదేరిన వెండి పడమటి తీరంలో దిగి, ఎన్నో చేతులు మారి ఇక్కడికి చేరి ఉండొచ్చు. నాకైతే అదే ఎక్కువ విలువైన కథ అనిపిస్తుంది, ఎందుకంటే అందులో బండివాళ్లూ, దారిలో ఊళ్లూ, చిన్న చిన్న బేరగాళ్లూ అందరూ ఉంటారు. 1వ శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన పెరిప్లస్ అనే సముద్రయాన పుస్తకంలో మసాలియా, అంటే మన మచిలీపట్నం వైపు తీరం, అక్కడి సన్నని నూలు బట్టల ప్రస్తావన ఉంది. ఉన్న ఆధారాలే ఇంత గట్టిగా ఉంటే పెంచి చెప్పడం దేనికి?

బావికొండ బాగుంది కానీ ఎండ మొదలైపోయింది, త్వరగా ముగించారు. భోజనం మామూలే, ఆలస్యం మాత్రం చాలా అయింది, ఆ ఆలస్యమే తర్వాత భీమిలిని మింగేసింది.

ఈలోపు వ్యాన్‌లో ఒక పెద్దావిడ, "బాబూ, తుఫానుకి ఓడ ఒడ్డుకి కొట్టుకొస్తే ఆ సరుకు ఎవరిది?" అని అడిగారు. రోజు మొత్తానికీ మంచి ప్రశ్న అది. జవాబు మన తీరంలోనే పాత రేవు మోటుపల్లిలో ఉంది. అంతకుముందు రాజులు అలాంటి ఓడల్లో సరుకంతా లాగేసుకునేవారు, మేం అలా చెయ్యం, నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోం అని కాకతీయ గణపతిదేవుడు 1244లో అక్కడ శాసనం వేయించాడు. సుంకం ముప్పయ్యో వంతు. కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, పట్టు దారాలు, పగడాలు, మిరియాలు ఇలా సరుకుల జాబితా కూడా అందులో ఉంది. ఓడ మునిగినవాడికి భయం లేదని రాతి మీద రాసిస్తే దూరదేశపు వర్తకుడు మళ్లీ వస్తాడు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకి మార్కోపోలో కూడా ఆ రాజ్యం గురించి, అక్కడి సన్నని బట్టల గురించి రాశాడు.

ఇక భీమిలి. డచ్ సమాధుల దగ్గర దింపి, తేదీలు చదివించి, ఫోటోలు తీసుకోమని, వ్యాన్ ఎక్కించేశారు. డచ్చివాళ్లు 17వ శతాబ్దంలో గోస్తనీ నది సముద్రంలో కలిసే ఈ ఊరికి ఎందుకొచ్చారో ఒక్క ముక్క చెప్పలేదు. వాళ్లు వచ్చింది బట్ట కోసం. తూర్పు దీవుల్లో లవంగం, జాజికాయ కొనాలంటే అక్కడివాళ్లు వెండి కంటే కోరమాండల్, అంటే మన తూర్పు తీరపు, బట్టకే మొగ్గు చూపేవారు, అంటే మన సాలెవాళ్లు నేసిన నూలుతోనే ఆ మసాలా దినుసులు కొన్నారన్నమాట. కరువులొచ్చినప్పుడు ఇదే తీరంలో మనుషుల్ని కూడా బానిసలుగా కొని ఓడలెక్కించారు. ఇవేవీ చెప్పకుండా సమాధులే చూపిస్తే, చచ్చిపోయిన తెల్లదొరలు గుర్తుంటారు, మగ్గం మీద కూర్చున్నవాడు గుర్తుండడు. నాకు బాధనిపించింది, అక్కడే ఆ మాట అన్నాను కూడా. కుర్రాడు శ్రద్ధగా విన్నాడు, టైం లేకపోవడం వల్లే వదిలేశానన్నాడు. 1824 ఒప్పందంతో డచ్చివాళ్లు ఈ ఊరు ఇంగ్లీషువాళ్లకి వదిలేసిన సంగతి తిరుగుదారిలో చెప్పాడు.

పిల్లలతో వెళ్లొచ్చు, పదేళ్లు దాటినవాళ్లయితే గాలి కథ బాగా పట్టుకుంటారు. తొట్లకొండ మీద నీడ తక్కువ, టోపీ, నీళ్లు ఉంచుకోండి, నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపు వెళ్తే మంచిది. పది మంది కలిసి బుక్ చేస్తే క్రమం మారుస్తామన్నారు, అలా కుదిరితే భీమిలి పొద్దున్నే పెట్టించుకుని బట్టల వర్తకం గురించి ముందే అడగండి. అడిగితే చెప్తాడు, విషయం తెలిసిన కుర్రాడే.