డిక్కీ తెరుచుకోక చలిమిడి లోపలే ఉండిపోయింది - బెజవాడ ఆటోనగర్‌లో తాళాల బాబాయ్ షాపు రివ్యూ

ముందు షాపు పేరు అడక్కండి, బోర్డు లేదు. ఉండేదట, రెండేళ్ళ కింద గాలివానకి ఊడిపోతే మళ్ళీ కట్టించలేదట. పోనీ ఫోన్ నెంబర్ పెట్టనా అంటే "వద్దు బాబూ, ఇప్పటికే అన్నం తినే టైంలో కూడా ఫోన్లే" అన్నాడు. ఆటోనగర్ గేటు దాటి లోపలికి వచ్చాక ఏ టీ కొట్టు దగ్గరైనా కారు తాళాల బాబాయ్ ఎక్కడుంటాడు అని అడగండి, చూపిస్తారు, నేనూ అలాగే వెళ్ళా.

సంగతేంటంటే మా చెల్లికి ఏడో నెల, మర్నాడు పొద్దున్న గుడివాడ దగ్గర వాళ్ళ అత్తగారింట్లో శ్రీమంతం. అమ్మ రెండ్రోజులు కూర్చుని పాకం చలిమిడి చేసి పెద్ద స్టీలు డబ్బా నిండా పెట్టింది, దాంతో పాటు లడ్డూలు, అరిసెలు, మైసూర్‌పాక్, చీరలు, గాజులు, ఇత్తడి బిందె ఒకటి, మా ముగ్గురి బట్టలు, అన్నీ డిక్కీలోకే. కూకట్‌పల్లిలో తెల్లారి అయిదింటికి సర్దుతుంటే డిక్కీ మూత పడట్లా. రెండుసార్లు ధన్‌మని కొట్టా, పడలేదు, మూడోసారి నేనూ మా ఆవిడా ఇద్దరం కలిసి బరువేసి నొక్కితే పడింది. అప్పుడే లోపల్నుంచి పుటుక్కుమని ఏదో చిన్న సౌండ్ వచ్చింది, ప్లాస్టిక్ విరిగినట్టు. అరిసెల డబ్బా మూత అనుకున్నా.

సూర్యాపేటలో టిఫిన్‌కి ఆగాం. అమ్మ టాబ్లెట్ల సంచి డిక్కీలో ఉంది తియ్యరా అంది. మాది 2013 మోడల్ సెడాన్, డ్రైవర్ సీటు పక్కన కింద లివర్ ఉంటుంది కదా, పెట్రోల్ మూతదొకటి డిక్కీదొకటి, అది లాగితే టక్ అని వెనక సౌండ్ రావాలి, రాలేదు. మళ్ళీ లాగా, ఏమీ లేదు. తాళం పెట్టి తిప్పుదామంటే సగం దాకా వెళ్ళి ఆగిపోయింది, ఎందుకంటే కారు కొన్నాక ఆ తాళం కన్నం మేం ఒక్కసారి కూడా వాడలేదు, పదేళ్ళ దుమ్మూ వాననీళ్ళూ తాగి లోపల తుప్పు పట్టేసింది.

ఇక చూడండి, హోటల్ పార్కింగ్‌లో కారు చుట్టూ ఎనిమిది మంది డాక్టర్లు. ఒకాయన అరచేత్తో కొట్టమంటాడు, ఒకాయన ఎత్తి కుదపమంటాడు, ఇంకొకాయన హోటల్ లోంచి కొబ్బరినూనె తెచ్చి తాళం కన్నంలో పోసేశాడు, నేను ఆపేలోపే. ఒక లారీ డ్రైవర్ ఒక్కడే పనికొచ్చే మాట చెప్పాడు, "తాళాన్ని బలంగా తిప్పకు అన్నా, ఇరిగి లోపలుంటే బండి కూడా స్టార్ట్ గాదు". నిజమే కదా, ఉన్న తాళం అదొక్కటే, రెండోది ఇంట్లో బీరువాలో. డల్లాస్‌లో ఉన్న బామ్మర్దికి ఫోన్ చేస్తే బావా, సీటు వెనకనుంచి చెయ్యి పెట్టి లోపల మెరిసే హ్యాండిల్ ఉంటుంది చూడు, అది లాగు అన్నాడు. అక్కడ 1998 ఎండాకాలంలో పిల్లలు కార్ల డిక్కీల్లో ఇరుక్కుని చనిపోయాక, 2001 సెప్టెంబర్ నుంచి తయారయ్యే కార్లకి డిక్కీ లోపల చీకట్లో మెరిసే హ్యాండిల్ ఉండి తీరాలని రూల్ పెట్టారట. మంచి రూలే, కానీ మా బండికి అలాంటిదేం లేదు బాబూ అని పెట్టేశా. అమ్మ టాబ్లెట్లు పక్కన మెడికల్ షాపులో కొన్నాం.

బెజవాడ చేరేసరికి పదకొండు దాటింది. ముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌కే వెళ్ళా, పేరు చెప్పను, ఊరికే గొడవ. ఏసీ హాలు, కాఫీ నిజంగా బాగుంది. జాబ్ కార్డ్ రాశారు, కిలోమీటర్లు రాసుకున్నారు, డీజిల్ ఎంతుందో రాసుకున్నారు, కారు చుట్టూ తిరిగి గీతలన్నీ ఫోటోలు తీసుకున్నారు. ఆ లివర్ మాత్రం ఒక్కడూ ముట్టుకోలేదండి. గంటన్నర తర్వాత ఒక కుర్రాడు ట్యాబ్ పట్టుకొచ్చి, సార్ డిక్కీ లాక్ అసెంబ్లీ, కేబుల్, తాళాల సెట్టు మొత్తం మార్చాలి, ఎస్టిమేట్ 7,200, పార్టు రావడానికి నాలుగు రోజులు, అప్పటిదాకా బండి ఇక్కడే ఉంచండి అన్నాడు. బాబూ లోపల మా చెల్లి చలిమిడి ఉంది, రేపు పొద్దున్నే ముహూర్తం అన్నా. చలిమిడి అనగానే అతనికీ అర్థమైంది పాపం, అయ్యో సార్ అన్నాడు, కానీ ఆ ట్యాబ్‌లో అయ్యో అని రాయడానికి గడి లేదు కదా. బయటికొస్తుంటే గేటు దగ్గర సెక్యూరిటీ పెద్దాయన మెల్లిగా "ఆటోనగర్ ఎల్లండి సార్, గంటలో తీసేత్తారు" అన్నాడు.

ఆటోనగర్ గురించి తెలియనివాళ్ళకి ఒక ముక్క. ఆసియాలోనే పెద్దది అని బెజవాడ వాళ్ళు చెప్పుకుంటారు, అది లెక్కపెట్టినవాళ్ళెవరో నాకు తెలీదు గానీ లోపలికెళ్తే మాత్రం దారి తప్పుతాం. లారీకి బాడీ కట్టేవాళ్ళు ఒక వరస, రేడియేటర్లు ఒకళ్ళు, కమాన్ కట్టలు ఒకళ్ళు, సీట్లు కుట్టేవాళ్ళు ఒకళ్ళు, ఎవరి పని వాళ్ళది, పక్కవాడి పని చచ్చినా ముట్టుకోరు. మన బాబాయ్‌ది కార్ల డోర్ లాకులు, అద్దాలు పైకీ కిందకీ వెళ్ళే మిషన్లు, డిక్కీలు, అంతే. ఒక రేకుల షెడ్డు, ముందు వేపచెట్టు, అరవై దాటిన మనిషి, కళ్ళజోడుకి ఒక పక్క దారం కట్టి ఉంది.

నేను కథంతా మొదలెట్టా, ఆయన వినలేదు. ఒకటే అడిగాడు: "లివర్ లాగితే చేతికి ఎట్టా తగుల్తోంది, బిగుసుకునుందా లొడలొడగా ఉందా?" నేను నిజంగా గమనించలేదు. వెళ్ళి లాగి చూశా, లొడలొడే, ఏ పట్టూ లేదు. బిగుసుకుని ఉంటే లాక్ జామ్ అయినట్టో సామాను మూతని లోపల్నుంచి తోస్తున్నట్టో అట, అప్పుడు ఒకళ్ళు డిక్కీ మూత గట్టిగా కిందికి నొక్కి పట్టుకుని ఇంకొకళ్ళు లివర్ లాగితే చాలాసార్లు ఊడొస్తుందట. లొడలొడ అంటే మాత్రం కేబుల్ తెగిందో, ఎక్కడో జారిపోయిందో. ఈ ఒక్క ప్రశ్న ఆ ఏసీ హాల్లో ఎవరైనా అడిగుంటే నా గంటన్నర మిగిలేది.

తర్వాత తాళం కన్నం వాసన చూసి నావైపు చూశాడు. "కొబ్బరినూనె పోశారా? దోసె ఏమన్నా వేద్దామనా?" అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. నూనె పోస్తే ఇవాళ జారుతుంది గానీ రేపట్నుంచి దుమ్మంతా దానికే పట్టుకుని ముద్దవుతుందట.

పని మొదలెట్టాడు. డ్రైవర్ డోర్ కింద గడప మీద ఉండే ప్లాస్టిక్ పట్టీ పీకాడు, దాని కింద లివర్ నుంచి వెనక్కి వెళ్ళే కేబుల్ కనపడింది, సైకిల్ బ్రేక్ తీగ లాగే ఉంటుంది, పైన నల్ల గొట్టం లోపల స్టీలు తీగ. కటింగ్ ప్లేయర్‌తో తీగ పట్టుకుని లాగాడు, తీగ వస్తోంది, వెనక మాత్రం చప్పుడు లేదు. "తెగలా, అటు చివర ఊడింది" అన్నాడు. అటు చివర అంటే డిక్కీ లోపల లాక్ దగ్గర, అక్కడికి చేరాలంటే డిక్కీ తియ్యాలి, డిక్కీ తియ్యాలంటే అక్కడికి చేరాలి.

అందుకని వెనక సీటు. మా బండిలో వెనక సీటు మడవడం కుదరదు, ఒకటే బెంచీ. కింద కూర్చునే సీటు ముందు అంచు పట్టుకుని పైకి గుంజితే క్లిప్పులు ఊడి వచ్చేసింది, అంత ఈజీ అని నాకు ఇన్నేళ్ళూ తెలీదు. దాని కింద దొరికినవి: రెండు పెన్నులు, ఒక గాజు, మా అబ్బాయి ఎల్‌కేజీలో పోగొట్టుకున్న రబ్బరు బల్లి. వీపు ఆనించే సీటుకి కింద బోల్టులు, అవి విప్పి పైకెత్తి తీసేశారు. వెనక ఇనప రేకు, దాని మధ్యలో మనిషి భుజం పట్టేంత కన్నాలు. అంటే కారు లోపల్నుంచి డిక్కీలోకి దారి ఉన్నట్టే, కానీ ఆ దారికి అడ్డంగా ఇత్తడి బిందె.

షాపులో పనిచేసే సన్నటి కుర్రాడు బోర్లా పడుకుని, సెల్ టార్చ్ నోట్లో పెట్టుకుని, ఒక్కొక్కటే బయటికి లాగడం మొదలెట్టాడు. లడ్డూ ప్యాకెట్లు, గాజుల డబ్బా, చీరల కవరు, వేపచెట్టు కింద మా ఆవిడ చాప అడిగి తీసుకుని అన్నీ వరసగా పేరుస్తోంది, దారినపోయేవాళ్ళు కొట్టు పెట్టారేమో అని చూస్తున్నారు. బిందె కన్నంలోంచి రాదు, చలిమిడి డబ్బా అసలే రాదు, వాటిని పక్కకి జరిపి మధ్యలో చెయ్యి దూరేంత సందు చేశాడు. అప్పుడు బాబాయ్ మూరెడు పొడవు గట్టి కడ్డీ, చివర కొక్కెంలా వంచింది, అతనికిచ్చి ఇటుపక్క నించుని చెప్తున్నాడు, పైకి, ఇంకొంచెం, ఎడమ పక్క చిన్న నాలిక లాంటిది తగుల్తుంది చూడు, దాన్ని నీ వైపుకి గుంజు. నాలుగైదు సార్లు జారింది. తర్వాత టక్.

అంత చిన్న సౌండ్‌కి అమ్మ రెండు చేతులూ జోడించడం ఇదే మొదటిసారి చూశా.

కారణం చూపించాడు. కేబుల్ గొట్టాన్ని లాక్ దగ్గర పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పు ఎండకి పెళుసెక్కి విరిగింది, అది విరిగితే గొట్టం కదులుతుంది, తీగ లాగినా లాక్‌ని లాగే బలం ఉండదు, చివర ఉన్న గుండు కూడా తన గాడిలోంచి జారిపోయింది. పొద్దున్న మేమిద్దరం కలిసి నొక్కినప్పుడు వచ్చిన పుటుక్కు అదే. పక్కన ఉన్న పాత లాకుల గుట్టలోంచి వేరే బండి క్లిప్పు ఒకటి వెతికి, కొంచెం అరగదీసి బిగించి, పైన కేబుల్ టై కూడా వేశాడు. లాక్‌లో పాత గ్రీజు రాయిలా ఉంది, డీజిల్‌తో కడిగి కొత్త గ్రీజు పెట్టాడు, తాళం కన్నంలో స్ప్రే కొట్టి మెల్లగా తాళం ఆడించి ఆడించి పూర్తిగా తిరిగేలా చేశాడు.

నాకు బాగా నచ్చింది తర్వాత చేసింది. డిక్కీ మూత ఎత్తే ఉంచి, స్క్రూడ్రైవర్‌తో లాక్ కొక్కేన్ని మూసుకున్నట్టు తిప్పి, నన్ను లివర్ లాగమన్నాడు, టక్ అని విడింది. అలా పదిసార్లు. తర్వాత తాళంతో పదిసార్లు. అప్పటిదాకా మూత వెయ్యనివ్వలేదు. సరిచూసుకోకుండా మూత వేసి మళ్ళీ ఇరుక్కుని రెండోసారి సీటు పీకినవాళ్ళు ఉన్నారట, నవ్వుతూ చెప్పాడు, వాళ్ళలో తనూ ఒకడట కుర్రతనంలో.

అదే టైంలో అక్కడ ఇంకో బండి ఉంది, కొత్తది, బటన్ నొక్కితే తెరుచుకునే రకం, దానికి కేబుల్ ఉండదు, కరెంటే. దాని ఓనర్ బటన్ మార్చమని గోల. బాబాయ్ హెడ్‌లైట్ వెయ్యమని వెనక్కెళ్ళి చూశాడు, నెంబర్ ప్లేట్ లైటు వెలగట్లేదు. బటన్ వైరూ ఆ లైటు వైరూ ఒకే కట్టలో డిక్కీ మడత దగ్గర్నుంచి వెళ్తాయి, మూత తీసి వేసి తీసి వేసి అక్కడే తెగుతాయి, రెండూ ఒకేసారి పోతే బటన్‌ది తప్పు కాదు అని చెప్పాడు. రబ్బరు తొడుగు వెనక్కి జరిపితే నిజంగానే రెండు వైర్లు తెగి ఉన్నాయి. మీ బండి కూడా ఇలాంటిదైతే ముందు బ్యాటరీ, ఫ్యూజు, తర్వాత ఆ లైటు చూసుకోండి, బటన్ కొనెయ్యకండి.

ఎంత తీసుకున్నాడు అంటే 600. కుర్రాడికి నేను విడిగా 100 ఇచ్చా, లడ్డూ ప్యాకెట్ ఒకటి అమ్మ ఇచ్చింది, బాబాయ్ షుగరు అని వద్దన్నాడు, అమ్మ నాకూ షుగరే, ఒక్కటి తింటే ఏం కాదు అని బలవంతం చేసి పెట్టింది. స్కానర్ ఉంది, బిల్లు ఇవ్వడు.

ఇప్పుడు బాగోలేనివి కూడా రాయాలి కదా. అరగంటలో అయిపోతుంది అన్నాడు, రెండున్నర గంటలు పట్టింది, మధ్యలో వేరే బండి డోర్ చూడ్డానికి లేచి వెళ్ళిపోతాడు, పిలిస్తే వస్తున్నా అంటాడు. కూర్చోడానికి ఒక్కటే కుర్చీ, అది అమ్మకిచ్చారు, మేం నించున్నాం. బాత్రూం లేదు, ఆడవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. మా సీట్లు క్రీమ్ కలర్, కుర్రాడి గ్రీజు చేతి అచ్చు వీపు సీటు మీద అయిదు వేళ్ళతో సహా పడింది, షాంపూ పెట్టి రుద్దినా పూర్తిగా పోలేదు. ముందే పాత దుప్పటి ఒకటి తీసుకెళ్ళి పరవమనండి. ఆదివారం షాపు ఉండదు.

రేటింగ్ 5కి 4, ఆ ఒక్కటీ చేతి అచ్చుకి.

శ్రీమంతం టైంకే జరిగింది. చలిమిడి ఏం పాడవ్వలేదు, పాకం చలిమిడి కదా. మల్లెపూలు మాత్రం డిక్కీ వేడికి ఉడికి నల్లబడిపోయాయి, గుడివాడలో మళ్ళీ కొన్నాం. సీటు తిరిగి బిగించేటప్పుడు ఒక క్లిప్పు మర్చిపోయినట్టున్నారు, స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా వెనక టిక్కుమంటోంది, బారసాలకి వెళ్ళేటప్పుడు ఆగి వేయించుకోవాలి. ఈసారి వెండి గిన్నే ఉయ్యాల చీరా నా ఒళ్ళోనే పెట్టుకుంటా, ఆ డిక్కీలో పెట్టనివ్వను అని అమ్మ ఇప్పుడే చెప్పేసింది.