స్ప్రింగ్ బ్రేక్‌లో డాలస్ నుంచి న్యూ మెక్సికో: ఎక్కడ పొదుపు చేయాలి, ఎక్కడ చేయకూడదు

మార్చిలో స్ప్రింగ్ బ్రేక్ సెలవులు దగ్గర పడుతుంటే మన ఎమ్మెస్ పిల్లల్లో చాలామంది వేగస్‌కో మయామీకో ఫ్లైట్ రేట్లు చూడటం మొదలుపెడతారు. మేం నలుగురు క్లాస్‌మేట్లం డాలస్ నుంచి కారులో పడమర దారి పట్టాం. కార్ల్స్‌బాడ్ గుహలు, గ్వాడలూప్ కొండలు, వైట్ శాండ్స్ తెల్లటి దిబ్బలు చూసొచ్చాం, మూడూ నేషనల్ పార్కులే. క్యాంపస్ జాబ్ జీతంతో చేయగలిగిన ట్రిప్ ఇది. ఈ చోట్లు చూడటానికి అయ్యేది తక్కువే. డబ్బంతా కారుకీ గదులకీ పోతుంది.

కారు సంగతి ముందు. 25 ఏళ్ళు నిండని వాళ్ళ పేరు మీద తీసుకుంటే రెంటల్ కంపెనీలు రోజుకింత అని అదనంగా వేస్తాయి, రెండో డ్రైవర్ని చేర్చినా చాలా చోట్ల మళ్ళీ ఫీజు. మాలో పాతిక దాటినవాడు ఒకడున్నాడు కాబట్టి వాడి పేరు మీదే తీసుకున్నాం. కౌంటర్‌లో ఇన్సూరెన్స్ తీసుకోకపోతే కుదరదన్నట్టు మాట్లాడారు. మావాడి పాత కారు పాలసీ అద్దె కారుకీ వర్తిస్తుందని ముందే ఫోన్ చేసి, ఈమెయిల్ తెప్పించుకుని ఉంచుకున్నాడు. అది చూపించాక ఇంకేం అనలేదు. ఆ ఒక్క ఈమెయిల్‌తో మిగిలింది రెండు రాత్రుల గది అద్దెకి సరిపోయింది.

"రాత్రి పదింటికి బయల్దేరితే ఒక రాత్రి రూమ్ ఖర్చు మిగులుద్ది కదరా" అన్నాడు ఒకడు. మిగతా ముగ్గురం ఒప్పుకోలేదు. ఇక్కడి హైవేల మీద మన పిల్లలు పోయారన్న వార్తలు ఎన్ని చదవలేదు? మృతదేహాన్ని ఇంటికి పంపడానికి చందాల లింకులు ఎన్ని వాట్సాప్ గ్రూపుల్లో రాలేదు? డాలస్ నుంచి కార్ల్స్‌బాడ్ ఏడున్నర గంటలు పడుతుంది. బిగ్ స్ప్రింగ్ దాటాక ఆయిల్ ట్యాంకర్లు, ఇసుక లారీలు వరసగా వస్తుంటాయి. చాలాచోట్ల డివైడర్ ఉండదు, ఓవర్‌టేక్ చేయాలంటే ఎదురు లేన్‌లోకి వెళ్ళాల్సిందే. తెల్లవారాక బయల్దేరండి, రెండు గంటలకోసారి డ్రైవర్ మారండి. ఇందులో పొదుపు వద్దు.

కార్ల్స్‌బాడ్ ఊళ్ళో గదుల రేట్లు చూస్తే ఎవరికైనా ఆశ్చర్యమే. చిన్న ఊరు, హోటళ్ళూ మామూలువే. చమురు పనులకి వచ్చినవాళ్ళు ఎప్పుడూ దిగి ఉంటారు కాబట్టి రేటు తగ్గదు. మాకు దొరికిన మోటెల్‌లో సిగరెట్ వాసన, పనిచేయని హీటర్, ముందు చెప్పకుండా వేసిన డిపాజిట్. అదే డబ్బుకి వైట్ శాండ్స్ పక్కనున్న అలమొగోర్డో ఊళ్ళో శుభ్రమైన గది, మైక్రోవేవ్, ఫ్రిజ్, పొద్దున్నే వాఫుల్స్ దొరికాయి. అందుకే నా సలహా: కార్ల్స్‌బాడ్‌లో ఒక్క రాత్రే ఉండి, మిగతావి అలమొగోర్డోలో పెట్టుకోండి.

గుహలకి టికెట్ ముందే బుక్ చేసుకోవాలి. లోపలికి వెళ్ళే టైమ్ స్లాట్ రిక్రియేషన్ డాట్ గవ్‌లో మనిషికి ఒక డాలర్. ప్రవేశ రుసుము 15 డాలర్లు వేరే. టెక్సస్ స్కూళ్ళకీ అదే వారం సెలవులు, మంచి స్లాట్లు త్వరగా అయిపోతాయి. న్యూ మెక్సికో డాలస్ కంటే గంట వెనక, పైగా మార్చి రెండో ఆదివారం గడియారాలు ముందుకి జరుగుతాయి. స్లాట్ అక్కడి టైమ్ ప్రకారమే అని గుర్తుంచుకోండి.

లిఫ్ట్‌లో నేరుగా దిగొచ్చు. కానీ ఓపిక ఉంటే నేచురల్ ఎంట్రన్స్ నుంచి నడిచే దిగండి. మైలుంపావు దూరంలో దాదాపు 750 అడుగుల లోతుకి మెలికలు తిరుగుతూ దిగుతాం. పగటి వెలుతురు కొంచెం కొంచెంగా వెనకబడిపోతుంది, మాటలు వాటంతటవే గుసగుసలైపోతాయి. కింద బిగ్ రూమ్ చుట్టూ ఇంకో మైలుంపావు నడక. మాలో ఇద్దరిది విశాఖ, చిన్నప్పటి నుంచి బొర్రా గుహలు చూసినవాళ్ళు. వాళ్ళు కూడా అక్కడ నోరు తెరిచి నిలబడ్డారు. బొర్రాని నీళ్ళు తొలిస్తే, ఇక్కడ చమురు పొరల నుంచి పైకొచ్చిన వాయువు నీళ్ళలో కలిసి సల్ఫ్యూరిక్ ఆమ్లమై సున్నపురాయిని కరిగించింది. లోపల ఏడాదంతా 13 డిగ్రీలే, స్వెట్టర్ తప్పనిసరి. గబ్బిలాలు గుంపులుగా ఎగరడం చూడాలంటే మాత్రం మార్చి కాదు, వేసవిలో రావాలి.

గ్వాడలూప్ అక్కడికి ముప్పావుగంట దూరం, టెక్సస్‌లోకి వస్తుంది. రాష్ట్రంలో ఎత్తైన శిఖరం ఇక్కడిదే, 8,751 అడుగులు. రానూపోనూ ఎనిమిదిన్నర మైళ్ళు, 3,000 అడుగుల ఎక్కుడు. వసంతంలో గాలి భయంకరం, పైన నిలబడనివ్వదు. మాలో ఇద్దరు ఎక్కారు, ఇద్దరం డెవిల్స్ హాల్ దారిలో నడిచాం. శిఖరం మీద ఫోటో దొరకలేదు గానీ, ఆ రాతి మెట్ల మధ్య నడక నాకు బాగా నచ్చింది. పార్కులో పెట్రోలు లేదు, తిండి లేదు. తెల్లారకముందే పార్కింగ్‌లో ఉండాలి. మనిషికో గ్యాలన్ నీళ్ళు పెట్టుకోండి.

ఆర్టీసియా నుంచి క్లౌడ్‌క్రాఫ్ట్ మీదుగా అలమొగోర్డో వెళ్ళే దారి ఉంది. ఎడారిలో మొదలై ఎనిమిదిన్నర వేల అడుగులెక్కి, దేవదారు అడవుల్లో మంచు చూపించి, మళ్ళీ ఎడారిలో దింపుతుంది. దానికి టికెట్ లేదు.

వైట్ శాండ్స్ గురించి ఎంత చెప్పినా తక్కువే. తెల్లగా ఉన్నదంతా మామూలు ఇసుక కాదు, జిప్సం అనే ఖనిజం. ఎండలో కూడా కాళ్ళు కాలవు. చుట్టుపక్కల కొండల్లోని జిప్సం వాననీళ్ళలో కరిగి కిందికి దిగి, ఎండి, గాలికి దిబ్బలైంది. గుహల సున్నపురాయి, గ్వాడలూప్ కొండ, ఈ జిప్సం, మా మోటెల్ రేటు పెంచిన ఆ చమురు, అన్నీ పాతిక కోట్ల ఏళ్ళ క్రితం నాటి పెర్మియన్ కాలపు సముద్రాలు వదిలిపెట్టినవే. ఆ సంగతి తెలిశాక దారి పొడవునా కనిపించిన పంప్‌జాక్‌లు (చమురు తోడే యంత్రాలు) కూడా నాకు వేరేగా కనిపించాయి. వైట్ శాండ్స్ ప్రవేశ రుసుము కారుకి 25 డాలర్లు. దిబ్బల మీంచి జారడానికి గిఫ్ట్ షాపులో అమ్మే పళ్ళేలు కొత్తవి కొనకండి, వాడినవి అడగండి. సాయంత్రం రేంజర్ తీసుకెళ్ళే నడక ఉచితం. పక్కనున్న సైన్యం క్షిపణి పరీక్షలప్పుడు రోడ్డు మూసేస్తారు, ముందురోజే వెబ్‌సైట్ చూసుకోండి.

మూడు పార్కులకీ విడివిడిగా కడితే నలుగురికి 125 డాలర్లు. మేం 80 డాలర్ల నేషనల్ పార్కుల వార్షిక పాస్ తీసుకున్నాం, మనిషి లెక్కన వసూలు చేసే చోట అది నలుగురికీ పనిచేస్తుంది. 2026 నుంచి ఆ ధర అమెరికా నివాసులకే, మిగతావాళ్ళకి 250. ఏ గుర్తింపు కార్డు చూపించాలో కొనేముందు చూసుకోండి.

తిండికి రైస్ కుక్కర్ తీసుకెళ్ళాం. పులిహోర, కందిపొడి, ఆవకాయ, వాల్‌మార్ట్ పెరుగు. బయట తిన్నది ఒక్క న్యూ మెక్సికో భోజనమే. "రెడ్ ఆర్ గ్రీన్?" అని అడుగుతారు, ఏ మిర్చి సాస్ కావాలని. రెండూ కావాలంటే "క్రిస్మస్" అనాలి. పచ్చిమిర్చి సాస్‌లో మన నాలుకకి సరిపడా కారం ఉంటుంది. శాకాహారులు మాత్రం అందులో మాంసం కలిపారా అని అడిగి తీసుకోండి.

ఒక్కటి మర్చిపోవద్దు: ఒరిజినల్ పాస్‌పోర్టు, ఐ-20 (చదువుకి యూనివర్సిటీ ఇచ్చే పత్రం), ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు రికార్డు) ప్రింటవుట్ బ్యాగులో ఉండాలి. అలమొగోర్డో నుంచి వైట్ శాండ్స్ మీదుగా వచ్చే రోడ్డు మీద, ఎల్ పాసో నుంచి గ్వాడలూప్ వైపు వచ్చే రోడ్డు మీద బోర్డర్ పెట్రోల్ చెక్‌పాయింట్లు ఉన్నాయి. మాకు రెండు నిమిషాల్లో అయిపోయింది. ఫోన్‌లో స్కాన్ చూపిద్దాంలే అనుకుని మాత్రం వెళ్ళకండి.