నయాగరా జర్నీ బిహైండ్ ది ఫాల్స్: చలికాలంలో పెద్దవాళ్లతో వెళ్లొచ్చా?

సంక్రాంతికి రాజోలు వచ్చిన దగ్గర్నుంచి, పిల్లలు కెనడాలో ఉన్న ప్రతి ఇంట్లోనూ అడిగేది ఒకటే, చలికాలంలో నయాగరా వెళ్తే చూడ్డానికేముంటదండీ అని. చాలా ఉంటదండి! డిసెంబర్లో పడవలు తిరగవు నిజమే, కానీ జలపాతం వెనక్కి తీసుకెళ్లే ఈ జర్నీ బిహైండ్ ది ఫాల్స్ మాత్రం ఏడాది పొడవునా ఉంటుంది. లిఫ్ట్‌లో దాదాపు 38 మీటర్లు కిందకి దిగి, రాతిలో తొలిచిన సొరంగాల్లో నడుచుకుంటూ వెళ్తే ఏకంగా జలపాతం వెనక్కే చేరతాం, అక్కడ కంతలోంచి చూస్తే నీళ్లు తెల్లటి గోడలా పడుతుంటాయి, ఆ హోరుకి పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. వరదకి ధవళేశ్వరంలో గేట్లన్నీ ఎత్తేసినట్టుందిరా అన్నారు మా మావయ్యగారు, కదలమంటే కదల్లేదు.

ఐస్ పేరుకుంటుందని చలికాలంలో కింద జలపాతం పక్కనే నిలబడి చూసే డెక్ మూసేస్తారు, టికెట్ కూడా తక్కువే. నా మటుకు సొరంగాలు చాలు. అన్నట్టు జలపాతం మొత్తం గడ్డకట్టేస్తుందనుకుంటారు చాలామంది, అలా అవ్వదండి, 1848 మార్చిలో మాత్రం పైన నదికి ఐస్ అడ్డంపడి గంటల తరబడి నీళ్లే ఆగిపోయాయట.

అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులున్నా బానే తిరిగారు, నేల తడిగా ఉంటది కాబట్టి గ్రిప్ ఉన్న బూట్లు తప్పనిసరి. మంకీక్యాప్, గ్లౌజులు కూడా. టొరంటో నుంచి 130 కిలోమీటర్లు కదా, మధ్యాహ్నం బయల్దేరితే చీకటిపడ్డాక జలపాతం మీద వేసే రంగుల లైట్లు కూడా చూసి రావచ్చు. నా రేటింగ్ అయితే ఐదుకి ఐదు.