బీజింగ్‌లో సైడ్‌కార్ ఎక్కుతారా? ముందుగా సీటు సంగతి చూసుకోండి

అక్టోబర్‌లో నేనూ మా బావా బీజింగ్ వెళ్లాం. చైనా గోడ ఎలాగూ చూస్తాం, ముందు పాత మిలటరీ సైడ్‌కార్, అంటే పక్కన తొట్టి తగిలించిన మోటార్‌సైకిల్, ఎక్కాలని నేనే పట్టుబట్టాను. బండి పేరు ఛాంగ్‌జియాంగ్ 750. జర్మనీ బీఎండబ్ల్యూ ఆర్71ని చూసి రష్యావాళ్లు ఎం72 చేసుకుంటే, దాన్ని చూసి చైనావాళ్లు 1950ల చివర్లో తమ సైన్యానికి చేసుకున్న బండి ఇది. మన ఇంటర్నేషనల్ పర్మిట్ అక్కడ చెల్లదు కాబట్టి నడిపేది వాళ్ల డ్రైవరే. మనలో ఒకరు తొట్టిలో, ఒకరు వెనక సీటు మీద.

బస డ్రమ్ టవర్ దగ్గరి గల్లీలో, అచ్చం మన మండువా లోగిలిలాంటి పాత ఇంట్లో. గది చిన్నది, బాత్రూం ఇంకా చిన్నది, టాక్సీ లోపలికి రాదు, పెట్టెలు మనమే ఈడ్చుకోవాలి. అయినా మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను, ఎందుకంటే సైడ్‌కార్ గుమ్మం దాకా వచ్చింది!

మొదటిరోజు రెండు గంటలు గల్లీలు, హౌహాయ్ చెరువు చుట్టూ. భలే ఉంది. రెండోరోజు మాత్రం ముటియాన్యూ గోడ దాకా, దాదాపు 70 కిలోమీటర్లు ఆ బండి మీదే బుక్ చేశాం. అదే తప్పు.

నేను తొట్టిలో, మా బావ వెనక సీటు మీద. సగం దారిలో ఆపి "బావా, ఎలా ఉంది?" అంటే "నువ్వొచ్చి కూర్చో, తెలుస్తుంది" అన్నాడు. కూర్చున్నాక తెలిసింది. మన బుల్లెట్‌కి 1949 మోడల్ నుంచే వెనక స్వింగ్ ఆర్మ్ ఉంది. చక్రం ఒక ఇరుసు చుట్టూ తలుపులా ఊగుతుంది, షాక్ అబ్జార్బర్లు ఆ ఊపును ఆపుతాయి. దీనికి అలా కాదు. చక్రానికి అటూ ఇటూ నిలువు గొట్టాలుంటాయి, వాటిలో యాక్సిల్ చివర్లు నిటారుగా పైకీ కిందికీ జారతాయి, పైనొక స్ప్రింగు, కిందొక స్ప్రింగు, అంతే. దీన్ని ప్లంజర్ అంటారు. చక్రం నిటారుగా జారితే గేర్‌బాక్స్‌కీ దానికీ మధ్య దూరం మారిపోతుంది కదా, అందుకే కదలడానికి ఎక్కువ జాగా ఇవ్వలేరు. స్ప్రింగు ఎగరేస్తే పట్టి ఆపే ఆయిలు కూడా లేదు, కాబట్టి ఒక గతుకు దాటాక బండి ఇంకో రెండుసార్లు ఊగుతుంది. వెనక సీటేమో సరిగ్గా ఆ చక్రం మీదే! తొట్టి కింద మాత్రం లారీకున్నట్టు కమాను కట్టలున్నాయి, అందులో పడవలో ఉన్నట్టుంది.

అలాగని బండిని తిట్టను. రెండో ప్రపంచయుద్ధం నాటి మిలటరీ బైకులు హార్లీ డబ్ల్యూఎల్‌ఏకీ, బీఎస్‌ఏ ఎం20కీ ఈపాటి కూడా లేదు. వెనక చక్రం ఫ్రేముకే బిగించి ఉండేది, సీటు కింది స్ప్రింగులే దిక్కు. వాటి మీద రోజంతా తిరిగిన సిపాయిల నడుములు ఏమయ్యాయో!

టూర్‌వాళ్ల సర్వీసు గురించి: డ్రైవరు పెద్దాయన బంగారం, గతుకు వచ్చే ముందు చెయ్యెత్తి చూపించేవాడు. ఆఫీసువాళ్లే మొండి. తిరుగు ప్రయాణానికి కారు ఇమ్మంటే డబ్బు తిరిగివ్వరు, మార్చరు. గల్లీల సవారీ తీసుకోండి, గోడకి మాత్రం కారులో వెళ్లండి. ఇక తిండి సంగతి: శాకాహారులైతే అక్కడి టమాటా గుడ్డు కూర కూడా కుదరదు కాబట్టి పులిహోర కలుపుకుని వెళ్లడమే నయం.

తిరుగు ప్రయాణంలో తొట్టిలోకి ముందుగా మా బావే దూరాడు. నన్ను అడగనైనా అడగలేదు.