క్యూఎల్‌సీ ప్లస్‌లో ఎల్ఈడీ పార్ లైట్ల ప్యాచింగ్: వాడి చూశాక రాసిన సమీక్ష

పరిషత్తు నాటకాలకు లైటింగ్ చేసే నేను కొంతకాలంగా లైట్లను నడిపే కన్సోల్‌కు బదులు ల్యాప్‌టాప్‌లో క్యూఎల్‌సీ ప్లస్ అనే లైటింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. హెయిక్కి యున్నిలా మొదలుపెట్టిన ప్రాజెక్టును మస్సిమో కల్లెగారి అందిపుచ్చుకుని పెంచిన ఈ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. విండోస్, మాక్, లైనక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. ఇక్కడ దాని ప్యాచింగ్ గురించే, అంటే ఏ లైటు ఏ చిరునామాలో ఉందో సాఫ్ట్‌వేర్‌కు చెప్పే పని గురించే రాస్తాను, ఎందుకంటే ఒక నాటకం ముగిసి మరొకటి మొదలయ్యేలోపు దొరికే కొద్ది నిమిషాల్లో పని తెమిలేదైనా చెడేదైనా అక్కడే.

ఫిక్స్చర్ మేనేజర్‌లో లైటు రకాన్ని, మోడ్‌ను (రంగు, వెలుగు లాంటివాటిని విడివిడిగా నడిపే ఛానళ్లు ఎన్ని వాడాలో) ఎంచుకుని, ఎన్ని లైట్లో చెబితే చిరునామాలు, అంటే ఒక్కో లైటు మొదలయ్యే ఛానల్ నంబర్లు, వరసగా అదే వేసుకుంటుంది. ఏడు ఛానళ్ల మోడ్‌లో 12 పార్ లైట్లు (స్టేజీ మీద వెలుగు పరిచే గుండ్రటి లైట్లు) పెడితే మొదటిది 1 దగ్గర, రెండోది 8 దగ్గర, మూడోది 15 దగ్గర మొదలవుతాయి. ఆఖరిది 78లో మొదలై 84తో ముగుస్తుంది. ఒక లైటుకు ఇచ్చిన చోటును పొరపాటున మరోదానికి ఇవ్వబోతే ఒప్పుకోదు. డిస్‌ప్లే లేని పాత లైట్ల కోసం, వాటి చిరునామా పెట్టే చిన్న మీటలైన డిప్ స్విచ్‌ల బొమ్మ కూడా చూపిస్తుంది. 78 కావాలంటే 2, 3, 4, 7 స్విచ్‌లు ఆన్‌లో ఉండాలని, అంటే 2, 4, 8, 64 కలపాలని, చీకట్లో నిచ్చెన మీద నిలబడి లెక్క వేసుకున్నవాళ్లకు ఆ బొమ్మ విలువ తెలుస్తుంది.

అయితే మనం చెప్పిన లైటు రకం తప్పయితే సాఫ్ట్‌వేర్ మనల్ని కాపాడలేదు. ఒకసారి ఆరు లైట్లు ఒకచోట, ఆరు మరోచోట అద్దెకు తెచ్చాను. చూడటానికి అన్నీ ఒకేలా ఉన్నాయి, అన్నింటికీ ఏడు ఛానళ్లే. మొదటి ఆరింటిలో మొత్తం వెలుగును పెంచి తగ్గించే డిమ్మర్ ఒకటో ఛానల్, నీలం నాలుగోది. తక్కిన ఆరింటిలో ఎరుపు ఒకటోది, డిమ్మర్ నాలుగోది. పద్యనాటకంలో కాటిసీనుకు నీలం ఇచ్చేసరికి స్టేజీ సగం నీలంగా, సగం ఎర్రగా వెలిగింది. పద్యం అందుకున్న నటుడు ఆపకుండా పాడాడు గానీ, ఆ సన్నివేశానికి నేను చేసిన అన్యాయం ఇప్పటికీ బాధిస్తుంది. అప్పటి నుంచి కొత్త లైటు ఏదొచ్చినా ఛానళ్లను నేరుగా నడిపే సింపుల్ డెస్క్ అనే తెరలో ఒక్కో ఫేడర్ (పైకీ కిందికీ జరిపే మీట) ఎత్తి, ఏ ఛానల్ ఏం చేస్తుందో కాగితం మీద రాసుకున్నాకే ప్యాచ్‌లోకి తీసుకుంటున్నాను.

జాబితాలో లేని లైటుకు మనమే నిర్వచనం రాసుకునే ఫిక్స్చర్ డెఫినిషన్ ఎడిటర్ ఈ సాఫ్ట్‌వేర్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం. రంగు ఛానళ్లను ఇంటెన్సిటీ (వెలుగు స్థాయి) రకంగా నమోదు చేసి, ఏది ఎరుపో, ఏది ఆకుపచ్చో, ఏది నీలమో విడివిడిగా చెప్పడం మాత్రం మరువకూడదు. అలా చెప్పకపోతే సీను తయారుచేసేటప్పుడు రంగును నేరుగా ఎంచుకునే వీలుండదు, ఒక్కో ఫేడర్‌తో కుస్తీ పట్టాల్సి వస్తుంది.

ఇబ్బందల్లా చేతికి ఫేడర్లు లేకపోవడం. మౌస్‌తో రెండు దీపాల మధ్య నెమ్మదిగా ఫేడ్ చేయడం కష్టం కాబట్టి ల్యాప్‌టాప్‌కు తగిలించే చిన్న మిడి ఫేడర్ బోర్డు ఒకటి తప్పనిసరి. యూఎస్‌బీ నుంచి డీఎంఎక్స్‌కు (లైట్లకు ఆదేశాలు మోసే సిగ్నల్‌కు) మార్చే అడాప్టర్లలో మరీ చవకవి సిగ్నల్ సమయాన్ని కంప్యూటర్ మీదే వదిలేస్తాయి. ల్యాప్‌టాప్ మీద భారం పెరిగితే దీపాలు మినుకుమినుకుమంటాయి. సొంత ప్రాసెసర్ ఉన్న అడాప్టరే కొనండి, వరసలో ఆఖరి లైటుకు సిగ్నల్ వెనక్కి తిరగకుండా ఆపే 120 ఓమ్‌ల టెర్మినేటర్ కూడా బిగించండి.