మడతబందు తప్ప అంతా బాగున్న లాప్‌టాప్

కొన్న వారానికే ఈ సమీక్ష రాసి ఉంటే అయిదు నక్షత్రాలూ ఇచ్చేదాన్ని. అప్పట్లో ముగ్గురు స్నేహితురాళ్లకు ఇదే కొనమని గట్టిగా చెప్పాను. ఇద్దరు కొన్నారు. ఇప్పటికి నాలుగేళ్లు దాటింది, వారిలో ఒకమ్మాయి నా దగ్గర లాప్‌టాప్‌ల ఊసే ఎత్తదు.

ప్రాసెసర్, స్క్రీన్ కొలత లాంటివి పెట్టె మీదే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. 2021 డిసెంబరులో, బీటెక్ మొదటి ఏడాది తరగతులు మొదలైన కొత్తలో, 49,000 రూపాయలకు కొన్నాం. మా ఇల్లు హైదరాబాద్ మూసాపేటలో. నాన్న వడ్రంగి. యాభై వేలు దాటకూడదన్నది ఆయన గీసిన గీత. వెయ్యి మిగిల్చానని నేను మురిసిపోయాను గానీ, ఆ వెయ్యి కాస్తా సంచికే సరిపోయింది.

నా కోపమంతా మడతబందు మీద. దుకాణాల్లో హింజ్ అంటారు. మూతను అడుగుభాగంతో కలిపే రెండు చిన్న ఇనుప ముక్కలు. కొనే ముందు మూడు వారాలు కూర్చుని పెద్ద పట్టిక వేసుకున్నాను. ఎన్ని కోర్లు, వెలుతురు ఎన్ని నిట్స్, బ్యాటరీ ఎన్ని గంటలు. అందులో మడతబందుకు గడే లేదు. చూసిన వీడియోల్లోనూ దాని మాట ఎత్తినవారు లేరు. ఎత్తుతారని కూడా అనుకోను, ఎందుకంటే కొత్తలో ఏ మడతబందైనా బాగానే ఉంటుంది.

2024 జూన్, మూడో ఏడాది చివర. మినీ ప్రాజెక్టు చూపించాల్సిన రోజు. సెమినార్ హాల్లో మా జట్టు వంతు వచ్చింది. కుడిచేతిలో కాగితాలున్నాయి, ఎప్పటిలాగే ఎడమచేత్తో మూలన పట్టుకుని మూత ఎత్తాను. ‘టక్’మని చిన్న చప్పుడు. కొబ్బరికాయ పగిలినట్టు కాదు, చాలా చిన్నది. చూస్తే ఎడమ మూల దగ్గర అడుగుభాగం రెండు పొరలుగా విచ్చుకుని ఉంది, లోపలి తీగలు కనిపిస్తున్నాయి. స్క్రీన్ రెండుసార్లు రెపరెపలాడి నల్లబడిపోయింది. తెరకు వెళ్లే కేబుల్ ఆ మడతబందు పక్క నుంచే పోతుందని తర్వాత తెలిసింది. ఆ క్షణంలో నాకు తోచింది ఒక్కటే, నాన్నకు ఏం చెప్పాలి అని.

ఇక్కడ ఒక మంచి మాట కూడా చెప్పాలి. ప్రొజెక్టర్ తీగ గుచ్చగానే గోడ మీద బొమ్మ వచ్చింది. ప్రాణం పోలేదు, ముఖం మాత్రమే పోయింది. మూత వెనక్కి పడిపోకుండా రెండు ల్యాబ్ రికార్డులు, ఒక నీళ్ల సీసా ఆనించి, గోడ వైపు చూస్తూ మౌస్ కదుపుతూ పని ముగించాం. మార్కులు బాగానే వచ్చాయి. మా మేడం ప్రాజెక్టు కంటే ఆ నీళ్ల సీసానే ఎక్కువసేపు చూశారని నా అనుమానం.

కంపెనీ సర్వీసు సెంటర్‌కు తీసుకెళ్లాను. ఏడాది వారంటీ ముగిసి అప్పటికే ఏడాదిన్నర. కీబోర్డు, దాని చుట్టూ ఉన్న పై కవరు ఒకే ముక్కగా వస్తాయి కాబట్టి మొత్తం మార్చాలన్నారు. 9,600 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్టీ, వెరసి 11,328. పనిచేస్తున్న కీబోర్డును ఎందుకు మార్చాలని అడిగితే ‘విధానం అంతే’ అన్నారు. పైన చెప్పిన స్నేహితురాలిదైతే పదకొండో నెలలోనే ఊడింది. వారంటీలోనే ఉన్నా, అది వాడుకలో తగిలిన దెబ్బ, మా బాధ్యత కాదన్నారట. కింద పడేయని వస్తువుకు దెబ్బ ఎలా తగిలిందని ఆమె అడిగిన ప్రశ్నకు నేటికీ జవాబు లేదు.

మరుసటి రోజు మెట్రోలో అమీర్‌పేటలో రైలు మారి, ప్యారడైజ్‌లో దిగి, పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు నడిచాను. అందరూ సీటీసీ అనే కంప్యూటర్ల బజారు అదే. నాన్న కూడా వచ్చాడు. అక్కడ బాగుచేసే అన్న అడుగు మూత విప్పి మాకు చూపించాడు. మడతబందు ఇనుముదే, దానికి ఏమీ కాలేదు. కానీ దాన్ని బిగించిన మరలు దిగింది ప్లాస్టిక్‌లో కూర్చిన చిన్న ఇత్తడి గింజల్లోకి. ఆ ప్లాస్టిక్ పగిలి, గింజలు మరలతో సహా ఊడి వచ్చాయి. మూత ఎక్కడ ఆపితే అక్కడ నిలవడానికి మడతబందును గట్టిగా బిగిస్తారట. రోజులు గడిచి, దుమ్ము చేరి, లోపలి గ్రీజు ఎండితే అది ఇంకా బిగుస్తుంది. అప్పుడు ఎత్తిన ప్రతిసారీ ఆ బలమంతా ప్లాస్టిక్ మీద పడుతుంది. ఒక మూలన పట్టుకుని ఎత్తితే ఆ వైపు మరీను.

నాన్న కళ్లజోడు పెట్టుకుని వంగి చూశాడు. ‘తలుపు బరువు మోసేది మడతబందు కాదు బిడ్డా, దాన్ని పట్టుకున్న చెక్క. ఇక్కడ చెక్కే లేదు కదా’ అన్నాడు. చౌకట్టులో మర వదులైతే అగ్గిపుల్ల ముక్క, కాస్త ఫెవికాల్ పెట్టి మళ్లీ బిగిస్తాడు ఆయన. ఇక్కడ అది కుదరదా అని అడిగాడు. ఆ అన్న నవ్వలేదు, తాను చేసేదీ దాదాపు అదేనన్నాడు. అడుగు మూతకు రెండు రంధ్రాలు పెట్టి, బోల్టులు అవతలి వరకు దించి నట్లు వేశాడు. నలిగిన కేబుల్ మార్చాడు. మడతబందు బిగువు కొద్దిగా తగ్గించాడు. అన్నీ కలిపి 1,900. మేము ఇరానీ చాయ్ తాగి వచ్చేసరికి అయిపోయింది.

ఆ మరమ్మతు ఏడాదిన్నరగా నిలిచింది. అయితే దాన్ని కూడా పూర్తిగా పొగడలేను. బిగువు తగ్గించడం వల్ల ఒళ్లో పెట్టుకుంటే మూత వెనక్కి జారుతుంది. మూశాక ఎడమవైపు కాగితం దూరేంత సందు ఉంటుంది. బోల్టు తలలు బల్లను గీస్తుంటే నాన్న రబ్బరు వాషర్లు అతికించాడు. పైగా చదువైపోయింది, ఆఫీసు వాళ్లు వేరే లాప్‌టాప్ ఇచ్చారు, ఇది ఇల్లు కదలడం లేదు. దుండిగల్ వైపు కాలేజీ బస్సులో రోజూ తిరిగిన రోజుల్లోలాగే వాడి ఉంటే ఈ బోల్టులు నిలిచేవో లేదో.

బాగున్నదాన్ని బాగుందనాలి కాబట్టి ఇంకొకటి. లోపల మెమొరీకి, అంటే ర్యామ్‌కు, ఒక ఖాళీ గాడి ఉంది. 8 జీబీ అని కొన్నాను గానీ, గ్రాఫిక్స్ తన వాటా పక్కన పెట్టుకోగా విండోస్ చూపించింది 5.9 మాత్రమే. ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో తెరిస్తే ఫ్యాను విమానంలా మోగేది. 2022లో 2,300 పెట్టి ఇంకో 8 జీబీ వేశాను, వేరే యంత్రం కొన్నట్టే అనిపించింది. రెట్టింపు వేగం వచ్చిందని అప్పట్లో అందరికీ చెప్పాను. అందులో కొంత నా సంబరం. కొనేటప్పుడు ఖాళీ గాడి ఉందో లేదో మాత్రం తప్పక అడగండి. మెమొరీ ధరలు 2025 చివరి నుంచి మండిపోతున్నాయి కాబట్టి తర్వాత వేసుకోవచ్చులే అన్న నా లెక్క ఇప్పుడు చెల్లకపోవచ్చు. తేలికగా ఉందని కూడా మెచ్చుకున్నాను. ఆ తేలిక ఎక్కడి నుంచి వచ్చిందో సీటీసీలో కళ్లారా చూశాను.

మళ్లీ ఇదే కొంటానా? ఇంట్లో బల్ల మీద ఉంచి వాడేవారికి ఇప్పటికీ కొనమనే అంటాను. రోజూ సంచిలో మోసేవారికి చెప్పడానికి నోరు రాదు. తప్పు కొంత నాదీ ఉంది, రెండున్నరేళ్లు ఒంటిచేత్తో మూలన పట్టుకునే ఎత్తాను.

తమ్ముడు ఈ ఏడాది ఇంజినీరింగ్‌లో చేరతాడు. కంపెనీలు వాడి వదిలేసిన, లోహపు చట్రం ఉన్న పాత లాప్‌టాప్ సీటీసీలో చూద్దామని నా ఉద్దేశం. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది కాబట్టి, ప్రాసెసర్ ఇంటెల్‌దైతే కనీసం ఎనిమిదో తరానిది కావాలి, అంతకంటే పాతవాటిలో దాదాపు దేనికీ విండోస్ 11 అధికారికంగా రాదు. బ్యాటరీ అరిగి ఉండవచ్చు, దానికి కొంత డబ్బు పక్కన పెట్టుకోవాలి. తమ్ముడికి మాత్రం సీలు తన చేత్తోనే చింపాలని ఉంది.

మొన్న ఆదివారం వాడి పోరు పడలేక ముగ్గురం ఒక షోరూముకు వెళ్లాం. సేల్స్ కుర్రాడు ప్రాసెసర్ గురించి చెబుతుంటే నాన్న మూత మూలన పట్టుకుని మెల్లగా ఎత్తుతూ, దించుతూ, చెవి దగ్గర పెట్టి విన్నాడు. నాలుగోసారికి ఆ అబ్బాయి మాట ఆపి, ‘సార్, ఏం చూస్తున్నారు?’ అన్నాడు. నాన్న జవాబివ్వకుండా పక్కనున్న దాని మూత ఎత్తాడు.