పాత వీసీడీ, డీవీడీ ప్లేయర్లు: ఏళ్ళ తరబడి వాడాక నా అభిప్రాయం

హన్మకొండలో మా ఇంటి హాల్లో ఇప్పటికీ మూడు డిస్క్ ప్లేయర్లు పనిచేస్తున్నాయి. ఒకటి ఏ కంపెనీదో తెలియని వీసీడీ ప్లేయర్, అంటే వీడియో ఎక్కించిన సీడీలు ఆడే మెషీన్. రెండోది మా కాక దుబాయ్ నుంచి తెచ్చిన బరువైన డీవీడీ ప్లేయర్. మూడోది హెచ్‌డీఎంఐ ఉన్న పల్చటి డీవీడీ ప్లేయర్. అటక మీద ఇంకొన్ని ఉన్నాయి. వాటిలో సగం విడిభాగాల కోసం, సగం ఇష్టం కొద్దీ దాచుకున్నవి. సినిమాల కోసమే అయితే ఈ రోజుల్లో వీటిలో ఏదీ కొనమని చెప్పను. కొత్తవీ పాతవీ సినిమాలు ఫోన్లోనే ఇంతకంటే బాగా కనిపిస్తాయి. నేను వీటిని కాపాడుకునేది వేరే డిస్కుల కోసం.

ముందు వీసీడీ ప్లేయర్ సంగతి. క్యాసెట్లు ఆడే వీసీఆర్ కొనే స్తోమత లేని ఇళ్ళకు కూడా మా వైపు సినిమాను తెచ్చింది ఇదే. మా బాపు (నాన్న) దీన్ని వరంగల్ స్టేషన్ రోడ్డులో కొన్నాడు. అప్పట్లో సీడీలు కిరాయికి తెచ్చుకునేవాళ్ళం. తర్వాత 2007 ప్రాంతంలో మోజర్ బేర్ కంపెనీ వాళ్ళు సినిమా వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టారు. దాంతో కిరాయికి తెచ్చుకునే అవసరం తగ్గి, ఇంట్లోనే సీడీలు పేరుకున్నాయి. నా కలెక్షన్‌లో సినిమాలన్నీ దాదాపు ఆ కాలానివే.

వీసీడీ ప్రమాణం 1993 నాటిది. ఒక డిస్కులో పట్టేది సుమారు 74 నిమిషాలు, అందుకే తెలుగు సినిమా రెండు డిస్కుల్లో, నిడివి ఎక్కువైతే మూడు డిస్కుల్లో వచ్చేది. పాట సగంలో డిస్క్ అయిపోతే పరుగెత్తి మార్చే పని ఇంట్లో పిల్లలదే. బొమ్మ సైజు 352 బై 288 చుక్కలు మాత్రమే. 21 అంగుళాల పిక్చర్ ట్యూబ్ టీవీలో అది ముచ్చటగా కనిపించేది. 43 అంగుళాల ఎల్ఈడీ టీవీకి పెడితే మాత్రం మొహాలు మసకబారి, గళ్ళు గళ్ళుగా పగులుతాయి. టీవీ సెట్టింగ్‌లో పిక్చర్‌ను 4:3 కు మార్చండి, మనుషులు అడ్డంగా సాగినట్టు కనిపించడమైనా తగ్గుతుంది.

ఈ గళ్ళ బాధ ఎక్కువగా కనిపించేది జాతర డిస్కుల్లో. వీసీడీలో బొమ్మకు ఇచ్చే డేటా సెకనుకు 1,150 కిలోబిట్లు, ఎప్పుడూ అంతే. ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే సీనుకు అది సరిపోతుంది. మేడారంలో సమ్మక్క గద్దె మీదికి వస్తున్నప్పటి జనం, దుమ్ము, ఎగిరే పసుపు కుంకుమ చూపించాలంటే చాలదు. అయినా నేను మళ్ళీ మళ్ళీ పెట్టుకునేది ఆ డిస్కే. ఆ ఏడాది జాతరకు మేమంతా ఎడ్లబండి మీద వెళ్ళాం. ఆ దారి, ఆ గుడారాలు నాకు తెలిసినంతలో ఇంకెక్కడా రికార్డు కాలేదు.

ఐనవోలు, కొమురవెల్లి జాతరల్లో కొన్న ఒగ్గు కథ (డోలు, తాళాలతో చెప్పే జానపద కథ) వీసీడీలు నా దగ్గర చాలా ఉన్నాయి. మల్లన్న కథ ఒకటి పెడితే డిస్కుల మీద డిస్కులు నడుస్తుంది. డోలు, తాళాల మోత బాగా రావాలంటే టీవీ స్పీకర్ సరిపోదు, వైట్, రెడ్ వైర్లు తీసి ఆంప్లిఫయర్‌కు కలపాలి. అలా కలిపి వింటే కథకుడు గొంతు మార్చినప్పుడల్లా మా అవ్వ ఇప్పటికీ ముందుకు వంగి కూర్చుంటుంది. ఈ కథకుల్లో చాలామంది పేర్లు కవర్ మీద కూడా సరిగ్గా వేయలేదు. ఇవి ఆడే మెషీన్ ఇంట్లో లేకపోతే వాళ్ళ గొంతులు మనకు అందనట్టే. రిమోట్‌లో పీబీసీ అనే బటన్ ఉంటుంది, దాన్ని ఆఫ్ చేస్తే మెనూ అడ్డం రాకుండా నేరుగా కావలసిన ట్రాక్‌కు పోవచ్చు. కథ మధ్యలో ఆపి మర్నాడు అందుకోవాలంటే ఇది తప్పనిసరి.

దుబాయ్ ప్లేయర్ దిట్టమైనది. కరీంనగర్, జగిత్యాల వైపు గల్ఫ్‌కు పోయినవాళ్ళ ఇళ్ళలో ఇలాంటివి చాలా చూశాను. రెండు ఇబ్బందులున్నాయి. దాని ప్లగ్ మన సాకెట్‌లో పట్టదు, కన్వర్టర్ పెట్టాలి. ఇంకొకటి రీజియన్ కోడ్, అంటే డిస్క్ ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడాలో చెప్పే నంబర్. డీవీడీ లెక్కల్లో ఇండియా రీజియన్ 5, గల్ఫ్ దేశాలు రీజియన్ 2. అదృష్టం ఏమిటంటే మన సినిమా డీవీడీలు చాలావరకు అన్ని రీజియన్లకూ పనిచేసేట్టే వచ్చాయి.

కొన్నేళ్ళు ఏ ఇబ్బందీ లేకుండా ఆడిన తర్వాత ఒకరోజు వీసీడీ పెడితే 'నో డిస్క్' అంది. అదే ట్రేలో డీవీడీ పెడితే హాయిగా ఆడుతోంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళి, "అన్నా, డీవీడీ వస్తుంది, సీడీ ఎందుకు రాదు?" అని అడిగాను. "లోపల రెండు లైట్లుంటయి తమ్మీ, సీడీది పోయింది" అన్నాడు. అది నిజం. సీడీని చదివే లేజర్ 780 నానోమీటర్లది, డీవీడీది 650. రెండూ ఒకే లెన్స్ బ్లాక్‌లో ఉంటాయి, కానీ ఒకటి పోయినా రెండోది పనిచేస్తుంది. లెన్స్ మార్పించాక మళ్ళీ మామూలైంది. తర్వాత ఒకసారి పవర్ బోర్డులో కెపాసిటర్లు ఉబ్బాయి, ఆ రిపేరు చవకలో అయిపోయింది. ట్రే బెల్టు వదులైతే రబ్బరు బెల్టు ఒకటి వేస్తే చాలు. ఇన్ని రిపేర్లకు లొంగే గుణం దీనికుంది కాబట్టే దీన్ని మొదటి స్థానంలో పెడతాను.

పల్చటి ప్లేయర్ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. హెచ్‌డీఎంఐ వల్ల డీవీడీలు కొత్త టీవీలో శుభ్రంగా కనిపిస్తాయి, పెన్ డ్రైవ్ పెట్టుకోవచ్చు. కానీ గీతలు పడ్డ డిస్కును బరువైన ప్లేయర్ ఓపికగా చదువుతుంది, ఇది వెంటనే చేతులెత్తేస్తుంది. ముందు వైపు టైమ్ చూపించే డిస్‌ప్లే కూడా లేదు.

డిస్కుల విషయంలో ఒక జాగ్రత్త. సీడీలో డేటా పొర ఉండేది పేరు రాసే వైపు, పల్చటి పూత కింద. అక్కడ గీత పడితే డిస్క్ పోయినట్టే. కింది వైపు గీతలు చాలావరకు పాలిష్‌తో సర్దుకుంటాయి. తుడిచేటప్పుడు గుండ్రంగా తిప్పొద్దు, మధ్యలోంచి అంచుకు నేరుగా తుడవాలి. మా రేకుల గదిలో ఎండాకాలం పెట్టిన పెండ్లి సీడీలు కొన్ని రంగు మారాయి. బీరువాలో నిలువుగా పెట్టినవి బాగున్నాయి.

మా అక్క పెండ్లి వీసీడీని కంప్యూటర్లోకి ఎక్కించబోతే కాపీ మధ్యలో ఆగిపోయింది. వీసీడీలో ఎక్కువ వీడియో పట్టించడానికి తప్పులు సరిదిద్దే డేటా తగ్గించారు. కంప్యూటర్ తప్పు కనబడగానే ఆగుతుంది, ప్లేయర్ ఒక క్షణం తడబడి ముందుకు పోతుంది. అందుకే ప్లేయర్‌లో ఆడిస్తూ, టీవీకి వైర్లు పెట్టే దాని ఏవీ అవుట్ నుంచి, వీడియోను కంప్యూటర్‌కు పంపే క్యాప్చర్ కార్డుతో రికార్డు చేసుకున్నాను. అప్పగింతల భాగం మొత్తం దక్కింది. మంచి డిస్కయితే ఇంత కష్టం అక్కర్లేదు, డిస్కులో ఎంపెగ్‌ఏవీ (MPEGAV) ఫోల్డర్‌లోని డాట్ (.DAT) ఫైలును కాపీ చేసుకుంటే కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌లో ఆడుతుంది.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు మూడు డిస్కులు వెంట తీసుకెళ్ళండి: కంపెనీ వీసీడీ, ఇంట్లో రైట్ చేసిన సీడీ, ఒక డీవీడీ. మూడూ ఆడాలి, అరగంట వేడెక్కాక కూడా ఆడాలి. రిమోట్ లేకపోతే ధర తగ్గించమనండి, బయట దొరికే యూనివర్సల్ రిమోట్లలో పీబీసీ బటన్ ఉండకపోవచ్చు. నేనిప్పుడు వెతుకుతున్నది ట్రేలో మూడు డిస్కులు పట్టే వీసీడీ చేంజర్ కోసం. అది దొరికితే మల్లన్న కథకు అవ్వ మాటిమాటికీ నన్ను పిలవక్కర్లేదు.